అరకిలో రాయి

అవెన్యూ రోడ్డులో మా కొట్టు. తక్కెడలు బాగుచేస్తాం.
ఏడాదికోసారి ముద్ర కోసం వస్తారు,
కూరగాయలవాళ్ళు, పాత ఇనుము సాయబులు,
ఒకసారి ఒక కంసాలి, జేబులో గురిగింజలంత రాళ్ళతో.
నాన్న పోయాక నేనే కూర్చుంటున్నాను.

ఆదివారం మాత్రం లింగరాజపురం,
ఫ్లైఓవర్ దిగగానే మేడమీది ప్రార్థన గది.
రొట్టెతో పాటు ద్రాక్షరసం కాదు, నీళ్ళిస్తారు,
చిటికెనవేలంత ప్లాస్టిక్ గ్లాసులో.
పదకొండేళ్ళయింది నేను కాఫీ మానేసి.
చిక్కపేట పక్కన కూర్చుని కాఫీ మానేయడం!
దాన్నెవరూ సాక్ష్యం కింద లెక్కెయ్యరు.

నిన్న బ్రదర్ రత్నరాజు పాఠం: విశ్వాసమూ సందేహమూ.
తెల్లచొక్కా, స్లైడ్లు, మంచి గొంతు.
మా గ్రంథంలో గుర్రాలున్నాయి.
ఆ కాలాన ఆ ఖండంలో గుర్రాల్లేవంటారు చదువుకున్నవాళ్ళు.
"గుర్రమంటే గుర్రమే కానక్కర్లేదు" అన్నాడు.
తెర మీద ఒక జంతువు. టేపిర్ అట.
పందికి తొండం మొదలుపెట్టి మధ్యలో మానేసినట్టుంది.
వెనక వరసలో పిల్లలు నవ్వారు.
నేనూ నవ్వాను, దగ్గులోకి మార్చి.

తర్వాతి స్లైడు రాయి.
ప్రవక్త దాన్ని టోపీలో వేసి, టోపీలో మొహం పెట్టి చదివాడన్న రాయి.
గోధుమ రంగు, కోడిగుడ్డంత.
మా తమ్ముడు ఆబేలు దీన్నే అడిగితే
శత్రువుల రాతలన్నారు అప్పట్లో.
"దాచిందేం లేదు, వెతికితే దొరికేదే" అన్నాడు నిన్న.
వాడు వెతికాడు కదా.
వెళ్ళిపోయాక పాపం మీద మనసయిందన్నారు.
వాడి పాపమల్లా హెబ్బాళలో ఒక గది, ఒక పిల్లి.

"రుజువుంటే విశ్వాసం దేనికి? లేకపోవడమే పరీక్ష.
మీ సందేహాన్ని విశ్వాసపు తక్కెడలో వేసి తూచండి."

తక్కెడ అనగానే చెవులు నిక్కాయి.
నాకు తెలిసిన పద్ధతి ఒకటే.
ముద్ర పడ్డ అరకిలో రాయి పెడతాం.
ముల్లు వాలిందా, తప్పు తక్కెడది.
తక్కెడ మీద ప్రేమకొద్దీ రాయిని అరగదీసేవాణ్ణి
మార్కెట్లో ఏమంటారో ఆ గదిలో అనకూడదు.

అయినా నాన్న అనేవాడు, రాళ్ళూ అరుగుతాయే అని.
వాటినీ ఆఫీసులో ఇంకో రాయితో పోలుస్తారు.
ఆ రాయిని దేనితోనో. అడగలేదు నేను.

నెల మొదటి ఆదివారం ఒక్కొక్కరే మైకు దగ్గరికెళ్ళి
"నాకు తెలుసు" అంటారు.
ఆరేళ్ళ పిల్ల కూడా, తల్లి చెవిలో ఊదుతుంటే, "నాకు తెలుసు".
నాకు తెలుసు, నాకు ఆకలి, నాకు జ్వరం.
ఈ మాటల్లో మనం చేసేదేం లేదు, వచ్చి మీద పడతాయి.
సందేహమూ అంతే, నాకు వచ్చింది. పిలవలేదు.
నేను నమ్ముతున్నాను అన్నప్పుడే
అందులో నేనున్నాను, చేతులు కాళ్ళతో సహా.
ఆ మాట మైకులో ఎవరూ అనరు.
చిన్నతనం కాబోలు.

కుర్చీలు మడుస్తూ సిస్టర్ సువార్తతో అన్నాను, టేపిర్ సంగతి.
"ఆ గుర్రాల గొడవ నాకొద్దే" అంది.
"మా ఆయన పోయినప్పుడు నలభై రోజులు
నాకు అన్నం మోసుకొచ్చింది రత్నరాజు పెళ్ళాం."
దీన్నే పళ్ళెంలో వెయ్యను?
తోచక ఇంకో కుర్చీ మడిచాను.

ఈ పొద్దున మునిరత్నమ్మ తక్కెడ తెచ్చింది.
పళ్ళెం తిరగేస్తే అడుగున అయస్కాంతం,
తుప్పులో తుప్పుగా కలిసిపోయి.
"నేను పెట్టలేదు తల్లీ, కొన్ననాడే ఉంది, ఒట్టు."
నమ్మాను.
అయస్కాంతం మాత్రం పీకేశాను.