ఇస్త్రీపెట్టె కింద చాయ్

పొడి అంటుకోదు, ఆకు కావాలె.
గీ ముచ్చట తెలిసేటందుకు నాకు
పావుకిలో చాయ్‌పత్తి ఖర్సయింది.
స్టేషన్ రోడ్డు కిరాణంల కొన్న గింజల పత్తి
ఆవిరి తాకంగనే బురదయి
ఇడ్లీ గుంతల నుంచి కిందికి కారింది.
"చాయ్‌పత్తిని ఇడ్లీ పెట్టుడేందే, గాలి సోకిందా నీకు?"
అన్నడు మా ఆయన, చేతిల రిమోటుతోని.

చలికాలమొస్తే నయీంనగర్ రోడ్డు పొంటి
నీలం టార్పాలిన్ల డేరాలు లేస్తయి.
వరుసల మూడోది యాంగ్జొం స్వెటర్ల దుకాణం.
పదకొండేండ్ల సంది
ఆమె జర్కిన్లకు జిప్పులు నేనే ఏసేది,
ఒక్కోదానికి ఇర్వై.
బేరమాడకపోయేది.
గిన్నెడు చాయ్ తాగితేనే పైసలు తీసేది.
ఉప్పు చాయ్, మీద తేలే వెన్న.
మొదటి రోజు డేరా ఎనకకు పోయి ఉమ్మిన.
మూడో ఏడు ఇంకో గిన్నె అడిగిన.

ఇటుక పెళ్లోలె ఉండేది ఆమె పత్తి.
చాకుమొనతోని పెచ్చు లేపి మరగబెట్టేది.
గిది ఎట్ల జేస్తరే అంటే
వచ్చీరాని తెలుగుల, ఎక్కువ చేతులతోనే చెప్పింది:
ఆవిరి. గుడ్డ. ముడి. బరువు.
గంతే.

పోయిన మాఘంల డేరా ఇప్పేటప్పుడు
ఆకు సంచి ఒకటి నా మిషన్ మీద పెట్టి
మోకాలు పట్టుకొని చూపించింది,
"ఓదెమ్మా, ఆగే సాల్..." అన్నది.
నేను జిప్పుల బాకీ లెక్క జూస్తున్న,
సరిగ ఇనలే.

కిరాణం పత్తితోని బుద్ధొచ్చినంక గా సంచి ఇప్పిన.
ఇడ్లీ రేకు మీద ఆకు పరిచి
మూతబెట్టి నూరు లెక్కబెట్టిన.
మొండికేసిన పిల్లలు ఏడ్చేడ్చి పడుకున్నట్టు
మెత్తబడ్డయి ఆకులు.
లైనింగ్ గుడ్డతోని సంచి ముందుగాల్నే కుట్టిన,
కుట్టు బయటికి, లేకుంటే బిళ్ల మీద దారం అచ్చు పడ్తది.
ఆకు పోసి, మూతి మెలిబెట్టి, ముడిని నడుమల అదిమి
పీట మీద పెట్టి, దాని మీద
మా మామ బొగ్గుల ఇస్త్రీపెట్టె ఎక్కించిన.
ఇత్తడిది, ఆరు కిలోలు, కొసకు కోడిపుంజు గొళ్లెం.
ఎన్ని పెండ్లి పాయింట్లు, ఎన్ని పోలీసు అంగీలు
దాని కింద సదునైనయో.
కరెంటుది వచ్చినంక తలుపుకు అడ్డం పడ్డది.
ఇగ మల్ల పని దొరికింది దానికి,
నిప్పు లేని ఇస్త్రీ.

సల్లారేదాక ఇప్పొద్దు.
ఆగబట్టక ఇప్పితే
మొదటిది పుట్టమన్నోలె కూలింది.
రెండోది ఎండుతనే ఉన్నది అనుకున్న, అడుగున తెల్ల బూజు.
మూడోది నిలబడ్డది,
అరచెయ్యంత, నడుమ ముడిగుంత బొడ్డోలె.

సజ్జ మీద ఆరబెట్టిన నెల
ఏనుమాములకు మిర్చి లారీలొచ్చే నెల.
గాలి అటు నుంచి తిరిగితే
మా గల్లీ గల్లీ తుమ్ముతది.
చాయాకుకు దొంగముక్కు, ఏ వాసనొచ్చినా దాసుకుంటది.
గా సంగతి యాంగ్జొం చేతులకు
చెప్పరాలే.

మల్ల కార్తీకం. మూడో డేరా.
కూసున్నది యాంగ్జొం కాదు, ఆమె చెల్లె బిడ్డ.
చిమీ అట. చెవులల్ల ఇయర్‌ఫోన్లు.
"మీరేనా ఓదెమ్మ ఆంటీ? పెద్దమ్మకు ఆపరేషనైంది,"
అని హిందీల చెప్పి, మోకాలు చూపించింది.

గుడ్డల చుట్టిన బిళ్ల తీసి ఇచ్చిన.
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"నేను ఉప్పు చాయ్ తాగ ఆంటీ.
మీ అల్లం చాయైతే తాగుత."
నవ్వొచ్చింది. జర కోపం గూడ వచ్చింది.

కత్తెర మొనతోని ఒక పెచ్చు లేపి
పాలు, చక్కెర, దంచిన అల్లం ఏసి
పొంగినంక వడగట్టి ఇచ్చిన.
ఒక్క గుక్క తాగి ఆగింది.
కండ్లు పెద్దగ జేసి, తుమ్మింది.
"కారమున్నది!"
రెండో గుక్క తాగింది.

మిగిలిన బిళ్ల గుడ్డల చుట్టి
బ్యాగుల ఏసుకున్నది, పెద్దమ్మకట.
నేను జర్కిన్ల కుప్ప నా దిక్కు గుంజుకొని
జిప్పుకు ఇర్వై అన్న.
పదిహేను, అన్నది పిల్ల.