బూర, ఎరుపు, ఒకటి

ఈ గోడలకి ముందు మిరపకాయలే తెలుసు.
టిక్కీ మీద టిక్కీ పేర్చి ఇరవై ఏళ్లు
చలిలో పడుకోబెట్టిన కోల్డ్ స్టోరేజీ ఇది.
ఇప్పుడు సగంలో సర్వర్లు, మేము.
మిగతా సగంలో ఇంకా తేజా రకం.
కొత్తగా చేరినవాళ్లు వారం రోజులు తుమ్ముతారు,
తర్వాత ముక్కు ఒప్పుకుంటుంది.

పైకప్పులో పొగ పసిగట్టే గొట్టం మాత్రం ఒప్పుకోలేదు.
శివరాత్రి వెళ్లిన నాలుగో నాడు, రాత్రి ఒకటీ యాభై రెండు.
యార్డు ముందు లారీలు చుట్టుగుంట దాకా ఆగిపోయిన రాత్రి.
గొట్టం గాలి పీల్చింది. మంట అనుకుంది.
గ్యాసు సిలిండర్లు తెరుచుకున్నాయి.

గాజుగోడకి ఇవతల ఉండి విన్నాను.
ఈల కాదు, సైరను కాదు,
రైలింజను చెవిలో దూరి ఊపిరి వదిలినట్టు
నలభై సెకన్లు.
ఆ తర్వాత నలభై ఒక్క డిస్కులు
ఒకదాని వెనక ఒకటి ఎర్రదీపం పెట్టుకున్నాయి.

ఒక్క అగ్గిపుల్ల కూడా కాలలేదు.

ఫోను లైన్లోకి నిద్రగొంతులు చేరాయి.
బెజవాడ నుంచి సుభాషిణి గారు, విశాఖ నుంచి డేనియల్ ప్రసాదు,
హైదరాబాదు నుంచి మ్యూట్ తీయడం మర్చిపోయే వెంకటాచలపతి గారు.
గ్యాసు చల్లదనానికి బిగుసుకున్నాయా?
తేమ ఎంత? కరెంటు ఊగిందా?
అన్నీ ఒకే బ్యాచివి కావు కదా?
చావింట్లో అడిగినట్టే,
నిన్న ఏం తిన్నాడు, ఎవరితో మాట్లాడాడు అని.

మూలనుంచి జాన్‌సైదా అన్నాడు.
కేబుళ్లు లాగుతాడు, అంతకుముందు పదేళ్లు కారం మిల్లు.
"అరుపుకే చచ్చాయేమో సార్."
ఎవరో నవ్వారు. "డిస్కుకి చెవులుంటాయా?"
"చెవులెందుకు సార్. మా మిల్లులో పెద్ద మోటారు ఎత్తుకుంటే
కాటా ముల్లు దానంతటది వణికేది.
దానికేం చెవులున్నాయి?"

మూడున్నరకి, ఎవరి డేటా లేని పాత ర్యాకు ముందు నిలబడ్డాం.
సైదా సంచిలోంచి బూర తీశాడు.
కోటప్పకొండ తిరనాళ్లలో కూతురికి కొన్నది, ఎర్ర ప్లాస్టిక్కుది,
గోల పడలేక వాళ్లావిడ డ్యూటీకి పట్టుకుపొమ్మన్నది.
ఊదాడు.
తెరమీద నేలకరుచుకుని పాకుతున్న గీత
తాళ్లు బిగిస్తే ప్రభ లేచినట్టు లేచింది.
ఆపితే పడింది.
"ఇంకోసారి. ఇంకొంచెం దగ్గరగా," ఫోన్లో సుభాషిణి గారు
పురిటిగదిలో మంత్రసానిలా.

చాలాసేపటికి విశాఖ నుంచి, మెల్లగా:
"లోపల ముల్లు పళ్లెం మీద వెంట్రుకవాసి ఎత్తులో కదా ఎగిరేది."
"వెంట్రుకలో పదివేలో వంతు."
"మరి ఆ ఎత్తులో, బూర కూడా తుఫానే."

ఇక రిపోర్టు.
మూలకారణం గడిలో నాలుగే మాటలు, ఒకటి నొక్కాలి.
విద్యుత్తు. పరికరం. మానవ తప్పిదం. ఇతరం.
పైవాళ్లు మూడోదాని కోసం కాచుకున్నారు.
డాకు తలుపు పదకొండు నిమిషాలు తెరిచే ఉంది, కెమెరాలో ఉంది.
కెమెరాలో ఇంకా ఉంది:
లారీ దిగిన ముఠా కూలీ ఒకడు, తలగుడ్డ నిండా ఎర్రదుమ్ము,
దోసిలి పట్టడం.
సైదా మా నీళ్ల క్యాను వంచడం.
వాడి వెనక ఇంకొకడు. వాడి వెనక.
పదకొండు నిమిషాల్లో తొమ్మిదిమంది.

ఇతరం నొక్కాను.
వివరించండి, అంది. రెండువందల అక్షరాల్లోపు.
దుమ్ము రాశాను, గొట్టం రాశాను, అరుపు రాశాను.
నీళ్లు పట్టలేదు.
నేనే పట్టనివ్వలేదు.

పదింటికి వెంకటాచలపతి గారి మెయిలు:
పరీక్షకు వాడిన పరికరం తయారీదారు, మోడలు తెలపగలరు.
సైదా బూరని తిప్పి తిప్పి చూశాడు.
"ఏమీ రాసిలేదు మేడం. పది రూపాయలు. బేరమాడితే ఎనిమిది."
అదే రాసి పంపాను.
స్పేర్ల రిజిస్టర్లో ఎక్కించమన్నారు, ఎక్కించాను.
వస్తువు మాత్రం వాడే పట్టుకుపోయాడు,
బడినుంచి రాగానే పిల్ల అడుగుతుందట.