అలజడికి కారణాలు

జనవరి ఆదివారం, ఆరు కాకముందే
పళ్లికరణై గట్టు మీద.
అటవీశాఖ వాళ్లిచ్చిన అట్ట, క్లిప్పు కింద ఫారం,
దారంతో కట్టిన పెన్సిలు.
లెక్క పెట్టేది పెంచలయ్య. రాసేది నేను.

ఆయనకు బైనాక్యులర్ అక్కర్లేదు.
"నామాలకోళ్లు పదకొండు, రాసుకోమ్మా."
ఫారంలో పేర్లన్నీ అరవంలో, ఇంగ్లీషులో.
నుదుటి తెల్లబొట్టును బట్టి వరస వెతుక్కుంటాను.
"ఈలబాతులు... ఉండు, గుంపు కదిలింది...
రెండొందలు వెయ్యి.
జమ్ములో దాక్కున్నవి మన లెక్కకు రావు.
వాటికిష్టం లేదు."

తూర్పున పెరుంగుడి చెత్తకొండ.
పొగ ఏదో, మంచు ఏదో
వాసన చూసి చెప్పాలి.

ఇరవై ఆరేళ్లు ఆ కొండకు లారీ తోలాడు.
"అప్పట్లో అంతా నీళ్లేనమ్మా.
రివర్సులో పోనిచ్చి, వెనక టైరుకు తడి తగలగానే
లివరు ఎత్తేసేవాణ్ణి.
మర్నాడు ఇంకో పది అడుగులు లోపలికి."
గేరు మార్చినంత మామూలుగా చెబుతాడు.
"లోడు దించీ దించకముందే తెల్లకొంగలు,
పెళ్లి బంతికి కూర్చున్నట్టు."

గూడబాతు ఒకటి దిగింది.
బియ్యం బస్తా అంత ఒళ్లు,
చంటిపిల్లను పక్కలో వేసినంత మెల్లిగా
నీళ్ల మీద దించుకుంది.
పెంచలయ్య లెక్క ఆపేశాడు.
"ఏమ్మే, నేలపట్టు నించేనా?
నాయుడుపేటలో వానలు పడ్డాయా?"
అది ముక్కు కింది సంచి కాస్త సర్దుకుంది.
ఆయనకా జవాబు చాలినట్టుంది.
"ఒకటి. మన పక్కదని రెండు వెయ్యబాక."

ఫారం అడుగున ఒక గడి:
అలజడికి కారణాలు.
కుక్కలు, రాశాను. పొగ. రేడియల్ రోడ్డు హారన్లు.
"నా లారీ నంబరు కూడా రాయి."
నవ్వుతాడేమోనని చూశాను.
నంబరు చెప్పాడు, ఒక్కో అంకె ఆగి ఆగి,
ఇందాక పిట్టల్ని చెప్పినట్టే.

రాశాను.
పెన్సిలు అక్కడే ఉండిపోయింది.
గట్టుకవతల మా అపార్ట్‌మెంటు.
తొమ్మిదో అంతస్తులో నేను ఆరేసిన పసుపుపచ్చ దుప్పటి
ఇక్కడికి కనిపిస్తోంది.
కొన్ననాడు బ్రోచర్‌లో ఇవే నీళ్లు,
ఇంతకన్నా నీలంగా,
ఒక్క పిట్ట లేకుండా.
పునాది తవ్వుతుంటే బుట్టలకొద్దీ నత్తగుల్లలు పడ్డాయని
మేస్త్రీ మాటవరసకు అన్నాడు.
ఆ రోజు నేను
వంటింటి టైల్స్ రంగు గురించి అడుగుతున్నాను.

గడిలో ఇంక చోటు లేదు.
పక్క మార్జిన్లో, చిన్నగా, ఫ్లాటు నంబరు...

"అమ్మా, అటు చూడు!"
జమ్ములోంచి నీలికోడి.
తేలే ఆకు మీద ఒక ఎర్రకాలు మోపి,
రెండోది గాల్లో ఎత్తిపట్టి
ఎక్కడ వెయ్యాలో తేల్చుకోలేక నిలబడింది.

"వేశావా?"
"వేస్తున్నా."