గాజుగుడ్డ

పందొమ్మిదేండ్లు రవికెలు కత్తిరించిన కత్తెర
ఈ ఎండాకాలం గాజుగుడ్డకు మొద్దుబారింది.

కూలర్ల డబ్బాలు పోసే నా మొగుడు కుళ్ళాయప్ప
ఫోమ్ షీట్లు వాకిట్లో నిలబెట్టి
"చక్రాల మీద గది" అన్నాడు.
"పెండ్లయిన కొత్తలో అడిగితివి కదా,
గండికోట యాడుంటాదని?"
నేనడిగింది బస్సు టైము.

గుత్తి ఎండకు రెసిన్ ఆగదు.
మగ్గులోనే పొగలు కక్కి రాయవుతుంది.
అందుకే తెల్లవారుజామున నాలుగుకు లేస్తిమి.
ఆయన హార్డెనర్ చుక్కలు లెక్కబెడతాంటే
నేను గుడ్డ పరిచి
లోపలి గాలిబుడగల్ని రోలరుతో అంచుదాకా తరిమేదాన్ని,
రవిక చంకలో ముడత తీసినట్టు.

ఒళ్ళంతా గాజుదురద.
రెండు నైటీలు పారేసినా.
కొబ్బరినూనె సీసా అయిపోయింది.
మూలల్లో మూడు పొరలు వేయమన్నది నేనే.
ఏదైనా చిరిగేది కుట్టు దగ్గరే కదా.
ఆయన పైకెక్కి గంతులేసినాడు.
కిర్రుమనలే.

తలుపు బిగించిన రాత్రి
దాంట్లోనే పండుకుంటిమి, వాకిట్లోనే.
టైర్లకింకా దుడ్లు లేవు.
ఎంత చల్లగుండెనో!
వీధికుక్కలు కూడా ఊరొదిలి పోయినట్టుండె.

తెల్లారి తలుపు తీస్తే
మెట్టు తడి, దండెం మీద చీర తడి,
బకెట్లో రెండు వేళ్ళ నీళ్ళు.

ఏడు నెలలకు వాన.
వచ్చి పోయింది కూడా.

"చూస్తివా, ఒక్క చుక్క దిగలే!"
ఆయన గోడలు తడిమి తడిమి మురుస్తాండాడు.

నేను కుట్టుసుద్ద తీసుకొని
మంచమెక్కి
తలవైపు పైకప్పు మీద
మూరెడు చదరం గీసినా.

ఈడ కోసి కిటికీ పెట్టు.