గేటు కాడ అడిగిన మాట

"ఈసారి ఎట్లుంటది మేడం, మనోళ్ల కథ?" అని
సంచి తడుముకుంట అడిగిండు వాచ్‌మన్ ఎల్లేశం.
నీళ్ల సీసా పక్కకు పెట్టిచ్చిండు, గొడుగు పక్కకు పెట్టిచ్చిండు,
పులిహోర డబ్బా మాత్రం మూత తీసి, వాసన చూసి, పోనిచ్చిండు.
ఒక్క మాటల చెప్పేదైతే
ఇరవై రెండేండ్ల సంది ఉప్పల్‌కు నేనెందుకొస్త?

పోయినేటి లెక్క నా నోటుబుక్కుల ఉన్నది.
ఏడు మ్యాచులు. గెలిచింది ఒకటి. ఓడింది మూడు.
మిగిలిన మూడింట్ల ఒకటి మనం కాపాడుకున్నం,
రెండు వాన కాపాడింది.
ఆ వానకు ఎర్ర సిరాతోని చుక్క పెట్టిన.

ఓపెనర్ నవనీత్ సంగతే చూడు.
మౌలాలి పోరడు. కవర్ డ్రైవ్ కొడితే
ఇస్త్రీ చీర మడత ఇప్పినట్టుంటది.
ముప్పై దాటంగనే ఏదో యాదికొస్తది వానికి,
బయటికి పోయే బంతి ఎంబడి ఉరుకుతడు.
ముప్పై నాలుగు. ముప్పై ఒకటి. ముప్పై ఎనిమిది.
పొయ్యి మీద పాలు పెట్టి మరిచినవా బిడ్డా?

ముజ్తబా భుజం గురించి మాట్లాడితే
నా కుడి మోకాలు గూడ చెవి పెట్టి వింటది.
మల్లేపల్లి గల్లీల టెన్నిస్ బంతితోని నేర్చిన ఎడమచేతి తిప్పుడు
పదేండ్లు జట్టును మోసింది.
ఎండకాలం ఆపరేషన్ అయిందట.
మొన్న నెట్స్ కాడ నిలబడి లెక్కపెట్టిన,
పద్దెనిమిది బంతులు, పద్దెనిమిది సార్లు భుజం పట్టుకున్నడు.
పంతొమ్మిదోది
పిట్టను అదిలిచ్చినట్టు బెయిల్‌ను లేపింది.
చప్పట్లు కొట్టింది నేనొక్కదాన్నే. వాడు సిగ్గుపడ్డడు.

కెప్టెన్ త్రిలోక్ లేడు.
కాయితం తెచ్చుకొని వేరే రాష్ట్రం పోయిండు.
నాకేం కోపం లేదు.
టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌ల నా నౌకరే అది,
ట్రంకు కాల్ కలిపి, మధ్యల నుంచి తప్పుకునుడు.
ఎవరికెవరు అందాల్నో వాళ్లే అందుతరు.
అబద్ధం ఎల్లేశం. కోపం ఉన్నది.
డిసెంబర్ల మన మీద సెంచరీ కొడితే
నా చేతులు ఒళ్లెనే ఉంటయి.

కీసర దిక్కు నుంచి ఒక పోరడొస్తుండు, లింగస్వామి.
పంతొమ్మిదేండ్లు, రెండు బస్సులు మారుతడు,
కిట్ బ్యాగుకు గూడ టికెట్ కొట్టిందట కండక్టరమ్మ.
వాని రనప్ గురించి నేనేం చెప్ప.
చెప్తే దిష్టి తగుల్తది.

ఐపీఎల్ రాత్రి ఈ కుర్చీకి వేలకు వేలు.
నాకు ఉత్తగనే.
ఇక్కడ బంతి సప్పుడు రెండుసార్లు వినపడ్తది,
ఒకటి బ్యాటు కాడ,
ఇంకోటి ఖాళీ కుర్చీలన్నీ కలిసి వాపసు పంపంగ.

పోయినేడు మేం తొమ్మిది మందిమి.
ఇప్పుడు ఎనిమిది.
శేషగిరి సారు మే నెలల పోయిండు.
ఔటైనోడు మెట్లెక్కేదాక నిలబడేటోడు,
మనోడైనా పరాయోడైనా.
కోడలు ఆయన నోటుబుక్కు తెచ్చి నా చేతుల పెట్టింది,
"మీకైతేనే చదువొస్తది ఆంటీ" అన్నది.
అండ్ల రాబోయే సీజన్‌కు గీతలు గీసిపెట్టిండు మనిషి,
స్కేలు పెట్టి, ఏడు గడులు పెన్నుతోని.
వాటి కింద ఇంకో మూడు, పెన్సిల్‌తోని,
క్వార్టర్, సెమీ, ఫైనల్.
ఎనక పేజీలు తిప్పిన.
ఏటేటా అవే మూడు గడులు,
ఏటేటా మార్చిల లబ్బరుతోని తుడిచిన మరకలు,
ఒక కాడ కాయితం చినిగేదాక తుడిచిండు.

లోపల టాస్ వేస్తున్నట్టున్నరు.
ఎల్లేశం ఇంకా నా మొకమే చూస్తుండు.
"మబ్బే లేదు గద మేడం, గొడుగెందుకు తెచ్చిన్రు?"
నీ కాడనే ఉంచు బిడ్డా, భద్రం.
నాలుగో రోజుకు అక్కెర పడొచ్చు.