అవ్వేల

బుధవారం బుధవారం నా స్కూటీ ముందు
రేకు పెట్టె ఒకటి కూర్చుంటుంది.
అంకీసా మలుపులో గుంత రాగానే
లోపల బొమ్మల పుస్తకాలు
ఒకదాన్నొకటి మోచేత్తో పొడుచుకుంటాయి.

అన్నీ మరాఠీవే.
ఇక్కడ బడి మరాఠీ, బస్సు బోర్డు మరాఠీ,
కరెంటు బిల్లు మరాఠీ.
ఆకలైతే మాత్రం తెలుగు.

రజిత ఆ వారం ఏరుకున్నది
ఏదో ఎండ ఊళ్లో, టైర్ల కొట్టు మీది గదుల్లో
కాపురముండే మెక్సికో వాళ్ల కథ.
అట్ట మీద రెండు జడల ముసలామె,
చేతులు మోచేతుల దాకా పిండి.

వాన తగ్గేదాకా నేనూ ఆ పొయ్యి దగ్గరే కూర్చున్నాను.
పిల్ల మరాఠీలో కళ్లు పెట్టి
తెలుగులో నోరు తెరుస్తుంది.
ఎక్కడా తడబడదు,
ప్రాణహితలో పడవ నడిపినోళ్ల బిడ్డ మరి.

ఆధార్‌లో పోచుబాయి, పుట్టింటికి పోచక్క.
ఏ పేరుతో పిలిచినా
చేతిలో పని ఆపకుండానే పలుకుతుంది.
"అబ్వేలా" అని చదివింది పిల్ల,
"అంటే ఆజీ. బాపమ్మ."
చేట ఆగింది.
"ఏందే? అవ్వ ఏల?
అవ్వ ఎందుకని అడుగుతున్నరా ఆ పుస్తకంల?"

రజిత నవ్వి నవ్వి దగ్గింది.
ఆమె నవ్వలేదు.

తర్వాత వంటిల్లు.
మేనత్తలు, పెద్దమ్మలు, మూతికి పిండి అంటిన పిల్లోడు.
మక్కపిండి తడిపి, కంకి పొరల్లో చుట్టి
ఆవిరికి పెడుతున్నారు.
"మన కుడుములే గవి.
చలికి అంగీలు తొడిగిండ్రు."

ఆ తర్వాత దీపాలు, పోయిన తాత ఫోటో,
గడప నుంచి ఫోటో దాకా బంతిపూల బాట.
ఇక్కడ పుస్తకం గుంజుకుంది పోచుబాయి.
అక్షరం రాని చూపుతో చాలాసేపు చదివింది.
"బంతిపూలు సచ్చినోళ్లకా?
మనం బతుకమ్మకు పేరుస్తం గద."
కాసేపాగి తనే,
"పెత్రమాస నాడు పొద్దుగాల మీ తాత పేరు మీద బియ్యమిస్తం.
మాపటికి ఎంగిలిపూలు.
ఒక్క దినమే. ఇవే చేతులు.
ఆళ్లకు గూడ ఎరికే అన్నట్టు."
ఏది ఎరుకో చెప్పలేదు.

చివరి బొమ్మ భోజనాలు.
రేషన్ దుకాణం ముందు తలలు లెక్కపెట్టినట్టు
వేలితో లెక్కపెట్టింది.
తొమ్మిది మంది. ఎనిమిది పళ్లేలు.
రెండు జడలామె నిలబడి వడ్డిస్తోంది.
"గామెది ఏదే?"
"తర్వాత తింటదేమో బాపమ్మా."
"తర్వాత అంటే ఏ పేజీల?"
పేజీ తిప్పితే అట్ట వచ్చేసింది.

వాన వెలిసింది. నేను సిరోంచకు మళ్లాను.

వారం తిరిగి పుస్తకం వాపసొచ్చింది,
చివరి బొమ్మలో గుండ్రంగా ఒక పసుపు మరకతో.
నా రిజిస్టర్‌లో ఓ గడి ఉంటుంది, నష్టం అని.
కలం మూత తీశాను.

"మరక కాదు మేడం.
గది పళ్లెం.
బాపమ్మ పెట్టింది, బొటనవేలితోటి."

చూశాను. బల్ల అంచున,
నిలబడ్డామె చెయ్యి చాపితే
అందేటంత దూరంలో.

గడి ఖాళీగా వదిలి పెట్టె మూస్తుంటే
"ఇది మల్ల ఎవరికిస్తరు?" అంది రజిత.
"అసరెల్లి పిల్లలకి."

"తుడవద్దని చెప్పుండ్రి."