పదిహేడో పాదసూచిక

మైనస్ ముప్పై రెండు డిగ్రీల సాయంత్రం
ఉలాన్‌బాతర్‌లో పిల్లలు లైబ్రరీకి వచ్చేది
పుస్తకాల కోసమని నేనెన్నడూ భ్రమపడలేదు.
ముందు హీటరు పక్క కుర్చీలు నిండుతాయి,
తర్వాత ప్లగ్గులున్న గోడ.
పదకొండేళ్లుగా ఈ కౌంటర్లో ఉన్నాను, నా పేరు త్సెవెల్మా,
ఏ గురక ఏ బీరువా వెనకదో
కళ్లు మూసుకుని చెప్పగలను.

చదవరని కాదు.
చదువుతారు, అరచేతిలోనే.
వేలితో పైకి తోస్తూ తోస్తూ
సారాంశం దగ్గర ఆగిపోతారు.
దాని కింద తాళం బొమ్మ.
మిగతా పదిహేను పేజీలకు ముప్పై ఎనిమిది డాలర్లు.
మా లెక్కన అది రెండు వారాల క్యాంటీన్ భోజనం.
తాళం బొమ్మకి ఆకలి తెలీదు.

ఖొంగొర్‌జుల్ అనే పిల్ల మాత్రం,
పేరు ముళ్లమొక్క పువ్వుది,
ఆ తాళం ముందు కూర్చుని లేవలేదు.
ఆమె పరిశోధన జుద్ మీద.
మంచు నేలను గాజులా మూసేసి
మేత కళ్లెదుటే ఉండి నోటికందక
మందలు నిలబడ్డచోటే చచ్చిపోయే చలికాలం.
"అక్కా, ఇది ఎలాగైనా కావాలి" అంది.
బెర్లిన్‌లో నాకు తెలిసిన ఒక గ్రంథపాలకుడికి రాశాను.
పన్నెండు రోజులకు వచ్చింది, వంకరగా స్కాన్ చేసి,
ఎవరిదో బొటనవేలు ఓ మూల పడి.

ఆ పిల్ల వ్యాసాన్ని వెనక నుంచి చదివింది.
అలా చదివేవాళ్లని నేను ఒక చేతివేళ్ల మీద లెక్కపెట్టాను.
పదిహేడో పాదసూచిక దగ్గర ఆగింది:
"చేతిరాత నోటుబుక్కు, అచ్చు కాలేదు,
ఉన్న చోటు"
ఉన్న చోటు మేమే.
మా నేలమాళిగ. నా కుర్చీకి సరిగ్గా కింద.
తాళం వాళ్లది,
చెవి మా కాళ్లకింద.

ఇద్దరం దిగాం. బల్బు లేదు, ఫోను వెలుగు.
గుర్రపువెంట్రుకల తాడు కట్టిన అట్టపెట్టె.
ముడి విప్పడానికి నా పళ్లు వాడాల్సొచ్చింది
(ఏ గ్రంథాలయ నియమావళిలోనూ ఇది లేదు).
నోటుబుక్కు వెనక తేదీల కాగితం
ఒక్క ముద్ర లేకుండా, తెల్లగా.
మొదటి పేజీలో ఒకటే మాట:
"సిరా గడ్డకట్టింది. ఇకనుంచి పెన్సిల్."

రాసింది గొంబొజావ్, అప్పటికి రెండో ఏడు విద్యార్థి.
గుడారం నుంచి గుడారానికి గుర్రం మీద వెళ్లి
చచ్చినవాటిని లెక్కపెట్టాడు.
తర్వాత ఏమయ్యాడో ఏ రికార్డులోనూ లేదు.

వ్యాసంలో ఒంటెలు నూట నలభై రెండు.
పెన్సిల్లో నాలుగు వందల పన్నెండు.
పక్కనే, ఇంకా చిన్నగా:
"మళ్లీ లెక్కపెట్టాను. ఇంతే."

ఎక్కడో ఎవరో అంకెల్ని అటూఇటూ చేశారు.
నలభై ఏళ్లుగా ఆ నూట నలభై రెండు
ఒక వ్యాసంలోంచి ఇంకో వ్యాసంలోకి
కాపరి లేకుండా నడిచి వెళ్తోంది.
మిగిలిన రెండు వందల డెబ్బై ఒంటెలు
ఎవరి వాక్యంలోనూ చావడానికి చోటు దొరక్క
ఈ పెట్టెలో మోకాళ్లు ముడుచుకు కూచున్నాయి.

గైడ్ అన్నాడట, "అంత పెద్ద పత్రికతో మనకెందుకు?
అచ్చులో ఉన్నదే ఉంచు."
ఆమె వాదించలేదు.
థీసిస్‌లో, పేజీ అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో
రెండు వాక్యాలు రాసింది.
పరీక్షకులు చదివారో లేదో నాకు తెలీదు.
నేను చదివాను. నిలబడి చదివాను.

ఆ రాత్రి పైన ఎవరో కుర్రాడు
చార్జర్ కోసం కేకలేస్తున్నా
కాసేపు మేమక్కడే ఉన్నాం.
తెల్లకాగితం మీద తేదీ ముద్ర వేశాను.
ఆ చలికి సిరా సరిగా అంటలేదు.
పెన్సిల్ తీసి దిద్దాను.